తాయారు వేసిన తాళం

మా కొండలరావు చేపలు కొంటుంటే చూసినవాళ్ళు ఇంక జన్మలో అతనితో బజారుకి వెళ్ళరు. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా లేదా అని చూడటం అందరూ చేసేదే. ఇతను ఆ ఎరుపుని వేలితో రుద్ది, వేలు తెల్ల రుమాలుకి తుడిచి, రంగేమైనా అంటిందేమో అని ఎండలో పట్టుకుని చూస్తాడు. "ఏటయ్యా, సేప కొంటన్నావా, పిల్లకి సంబంధం సూత్తన్నావా?" అని అమ్మే ఆవిడ తిడుతుంది. అతనికి చీమ కుట్టినట్టుండదు. పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గరే ఉందని వెనక బండివాడి చేత కూడా చెప్పించుకుంటాడు. వాన పడుతోందని నేను చెబితే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాని నమ్మడు.

అలాంటి మనిషి పక్కన నేను పాతికేళ్ళకి పైగా పనిచేశాను. నా పేరు కృపాకర్. ఇద్దరం స్టీలు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్లం. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గర్లో ఒకే సందులో ఎదురెదురు ఇళ్ళు. వాళ్ళ గుమ్మానికి మామిడాకులు, మా గుమ్మానికి సిలువ, మధ్యలో రెండిళ్ళకీ కలిపి ఒకే కుళాయి. అతను నన్ను బావ అంటాడు, నేనూ అతన్ని బావ అనే అంటాను. అతని భార్య తాయారు నన్ను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి వరస కుదిరిపోయింది.

ఇంట్లో అతని అనుమానం పెద్ద తలనొప్పి. ప్లాంటులో మాత్రం అదే మమ్మల్ని ప్రాణాలతో ఇంటికి చేర్చింది. ఏ మోటారుకైనా రిపేరు చెయ్యాలంటే ముందు దాని స్విచ్చి ఆపి, ఆ స్విచ్చికి తాళం వెయ్యాలి. ఎంతమంది పనిలోకి దిగితే అన్ని తాళాలు. ఎవడి తాళం వాడిది, ఎవడి తాళంచెవి వాడి దగ్గరే. వేసినవాడు తప్ప ఇంకొకడు ఆ తాళాన్ని ముట్టుకోకూడదు. మేమంతా తాళంచెవి జేబులో వేసుకునేవాళ్ళం. కొండలరావు మొలతాడుకి కట్టుకునేవాడు. జేబుని కూడా నమ్మడు మరి. తాళం వేశాక కూడా లైనులో కరెంటు లేదంటే ఒప్పుకోడు. టెస్టరు తీసి ముందు కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూస్తాడు. తర్వాత ఆపిన లైనులో పెడతాడు. మళ్ళీ కరెంటున్న చోట పెట్టి చూస్తాడు, ఈ మధ్యలో టెస్టరే పాడైపోయిందేమో అని. "లైను సచ్చింది సచ్చిందని అందరూ సెప్తారు బావా. నాను సూసినాకే అది సచ్చినట్టు" అనేవాడు.

ఒకసారి సబ్బవరం నుంచి వచ్చే ఫిట్టరొకడు షిఫ్టు అయ్యాక తాళం తియ్యడం మరిచిపోయి ఇంటికి పోయాడు. సరుకు మోసే బెల్టు ఆగిపోయి ఉంది. ఇంజనీరు గుణశేఖర్ గారు ఆ తాళం కోసెయ్యమన్నారు. కొండలరావు స్విచ్చి బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఆడు లోపలున్నాడో లేదో మీకెలగ తెలుసు సార్?" అన్నాడు. లోపలంతా టార్చి వేసి చూశాం, పురుగు కూడా లేదు. అయినా కదల్లేదు. చివరికి జీపు పంపించి, ఆ ఫిట్టరుని అన్నం ముందు నుంచి లేపి తీసుకొచ్చి, వాడి చేతే తాళం తీయించారు. పని చెడగొట్టాడని కొండలరావుని కొన్నాళ్ళు పనిలోకి రానివ్వకుండా గేటు దగ్గరే ఆపేశారు. ఆ ఫిట్టరు ఇంట్లో తింటూ కూర్చున్నాడు కదా, నీకెందుకొచ్చిన గొడవ అని వాళ్ళ వాకిట్లో నేను కోప్పడితే, "ఏసినోడే తియ్యాల బావా. ఆడు సచ్చినా సరే, ఆడి తాళం నాను ముట్టుకోను" అన్నాడు. తాయారు పక్కనే బియ్యం ఏరుతూ ఆ మాట వింది. నేను మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు.

మా అమ్మాయి మిరియం బట్టలు కుడుతుంది. రెండేళ్ళ కిందట కుడికంట్లో పుండు లేచింది. అది మానాక నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలిపోయి ఆ కంట చూపు పోయింది. ఎడమకంటికి చిన్నప్పట్నుంచీ చూపు తక్కువే. సూదిలో దారం ఎక్కించాలంటే వేళ్ళతో తడుముకోవడమే. కార్నియా మార్చాలన్నారు డాక్టర్లు, అంటే చనిపోయినవాళ్ళు ఎవరైనా ఇచ్చిన కంటిపొర తెచ్చి వెయ్యాలి. పేరు రాసుకున్నాం, వంతు వచ్చినప్పుడు పిలుస్తాం అన్నారు. ఇచ్చేవాళ్ళు తక్కువ, ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నా భార్య దీవెనమ్మకి ఆసుపత్రి వాసనకే కళ్ళు తిరుగుతాయి. అందుకని మిరియంని తీసుకెళ్ళినప్పుడల్లా తాయారు తోడు వెళ్ళేది. అక్కడ ఐ బ్యాంకు తరఫున ఆశాజ్యోతి అని ఒకమ్మాయి వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళకి అవయవదానం గురించి చెబుతూ ఉండేది. వంతు వచ్చేదాకా తాయారుకి ఇంకేం పని? ఆ అమ్మాయి పక్కన చేరి అడగాల్సినవీ అడగకూడనివీ అన్నీ అడిగింది. కొండలరావుతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, ప్రశ్నలకి కొదవా? అడిగీ అడిగీ ఒకరోజు కళ్ళతోపాటు అన్ని అవయవాలూ ఇస్తానని పేరు రాయించుకుని వచ్చింది.

ఆ సాయంత్రం మా సందులో గొడవ అటు కంచరపాలెం మెట్టు దాకా వినిపించే ఉంటుంది.

"ఏటి సేసినావే?" అని కొండలరావు వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు.

"రాసిచ్చేసినాను. కళ్ళు, గుండె, కిడ్నీలు, లివరు, పనికొచ్చేయన్నీ" అంది తాయారు, కూరగాయల సంచీ దించుతూ, అదేదో ఉల్లిపాయలు తెచ్చానన్నంత తేలిగ్గా.

"ఇంక నిన్ను బతకనిత్తారేటి? రేపు నీకేదైనా అయ్యి ఆస్పత్రికెల్తే, ఓహో ఇది మన సరుకే అని వైద్యం మానేత్తారు. ఫోన్లో ఈడియోలు సూళ్ళేదేటి? బతికున్నోడినే సచ్చిపోనాడని సెప్పి కోసేత్తన్నారు."

"అదీ అడిగినాను. మెదడు సచ్చిపోయిందని ఒక్క డాక్టరు సెప్తే సాలదంట. నలుగురు సూడాల. అవయవాలు మార్చే డాక్టరు ఆ నలుగుర్లో ఉండకూడదు. ఆళ్ళు సూసినాక కొన్ని గంటలాగి మళ్ళీ మొదట్నుంచీ సూడాల. అప్పుడే సచ్చిపోయినట్టు. నీ టెస్టరు లాగే."

కొండలరావు ఒక్క క్షణం తగ్గాడు. తగ్గాడు అనుకునేలోపు నా వైపు తిరిగాడు. "ఇదంతా నీ పని కాదేటి బావా?" అన్నాడు. "నీ కూతురు కన్ను కోసం నా పెళ్ళాం కళ్ళ మీద పడ్డావు. తోడు రమ్మని పిలిచి, అక్కడ కూకోబెట్టి రాయించేసినారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సెల్లెమ్మ సచ్చిపోవాలని కోరుకుంటన్నానంటావా నాను?"

"కోరుకోటం లేదని నాకేటి తెలుసు?"

ఆ మాట వినడానికి మిరియం కూడా మా గుమ్మంలోనే ఉంది. అది నాకు తెలిసేసరికి తలుపు మూసేసుకుంది. కొండలరావుని చాలా మాటలన్నాను, అవి ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మిరియం కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది. నీళ్ళు వాళ్ళమ్మే పట్టుకొచ్చేది. నన్ను అనుమానించినందుకు క్షమించగలనేమో గాని, నా పిల్ల నీళ్ళకి వెళ్ళడానికి సిగ్గుపడేలా చేసినందుకు అతని మీద నాకు కసి పుట్టింది.

తాయారు మాత్రం గొడవ మధ్యలోనే లోపలికి వెళ్ళి, అతని పాత పనిముట్ల సంచీలోంచి ఎర్ర రంగు వేసిన ప్లాంటు తాళం ఒకటి తెచ్చింది. వాకిటి వైపున్న కిటికీ ఊచకి దాన్ని తగిలించి నొక్కింది. తాళంచెవిని పుస్తెలతాడుకున్న పిన్నీసుకి గుచ్చుకుంది.

"ఇదిగో, సూడు. రాయించుకుంటే సాలదంట, నాను పోనాక నువ్వు కాదంటే ఆళ్ళు నన్ను ముట్టుకోరంట. అందుకే నలుగుర్లో సెప్తన్నాను. ఇది నాను ఏసిన తాళం. సచ్చినా సరే ఏసినోడే తియ్యాలన్నావు కదా? మరి ముట్టుకోకు."

"పిచ్చి గాని పట్టిందేటి దీనికి" అన్నాడు కొండలరావు. కానీ ముట్టుకోలేదు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆ తాళాన్ని దొంగని చూసినట్టు చూసేవాడు. ఎదురింట్లోంచి నేను చూస్తూనే ఉండేవాణ్ణి.

మే నెలలో ఒక ఆదివారం, మేము చర్చిలో ఉండగా దీవెనమ్మకి ఫోనొచ్చింది. బట్టలు ఆరేస్తూ తాయారు కుప్పకూలిపోయిందని. పాట మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చాం. పక్కవీధి డాక్టరు అప్పటికే చూసి, గుండె ఆగిపోయింది, అయిపోయింది అని చెప్పేశాడట. కొండలరావు వినలేదు. ఇంకో డాక్టరుని పిలిపించాడు. ఆయనా వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి కొండలరావు చాప మీద ఆమె పక్కన కూర్చుని ఉన్నాడు. తన వేళ్ళు తన మణికట్టు మీదే పెట్టుకుని కాసేపు ఉన్నాడు. తర్వాత ఆమె మణికట్టు మీద పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. మళ్ళీ తీసి తన మణికట్టు మీద పెట్టుకున్నాడు. అతను ఏం చేస్తున్నాడో ఆ గదిలో నాకొక్కడికే అర్థమైంది. 

అంతలో కొండలరావు మేనత్త రామలక్ష్మమ్మ వచ్చి పెత్తనమంతా తీసుకుంది. తలాపున దీపం పెట్టించింది. సందంతా ఆ ఒక్క గదిలోకి వచ్చేసింది. ఉక్క చెప్పలేనంతగా ఉంది. ఎవరో ఫ్యాను పెద్దది చేశారు. ఇంకెవరో టేబులు ఫ్యాను తెచ్చి సరిగ్గా తాయారు మొహం దగ్గరే పెట్టారు.

దీవెనమ్మ నన్ను గిల్లింది. ఎందుకో నాకు తెలుసు. ఆశాజ్యోతి మాకూ చెప్పింది కదా. మనిషి పోయాక ఆరు గంటల లోపే కళ్ళు తియ్యాలి. ఈలోపు ఫ్యాను ఆపెయ్యాలి, గాలికి కంటిపొర ఎండిపోతుంది. రెప్పల మీద తడి దూది వెయ్యాలి, తల కింద దిండు పెట్టాలి. ఇక్కడ చూస్తే రెండు ఫ్యాన్లు హోరున తిరుగుతున్నాయి. తాయారు అంత ధైర్యంగా ఇస్తానన్నది మా కళ్ళముందే ఎండిపోతోంది.

చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఎలా చెప్పను? నేను నోరు తెరిస్తే కొండలరావు ఆనాడు అన్న మాట నిజమైపోతుంది. శవం ఇంకా చల్లబడలేదు, వీడు కళ్ళ కోసం వచ్చేశాడు అంటారు. అనడమేంటి, అప్పటికే మూలన ఇద్దరు ఆడవాళ్ళు నా వైపు చూసి గుసగుసలాడుతున్నారు. తాయారు మాట నిలబెట్టాలంటే నేను మాట్లాడాలి. నేను మాట్లాడితే అది తాయారు కోసం అని నమ్మేవాడు ఆ ఇంట్లో ఒక్కడు లేడు. గోడకి ఆనుకుని నిలబడి, పళ్ళు బిగించి, తిరిగే ఆ ఫ్యాను రెక్కల్నే చూస్తూ ఉండిపోయాను. అతని మీదా, నా మీదా, ఆ ఫ్యాను మీదా సమానంగా కోపం వచ్చింది నాకు.

కొండలరావు లేచాడు. మొహం కడుక్కుందామని కాబోలు వాకిట్లోకి వెళ్ళబోయి, కిటికీ దగ్గర ఆగిపోయాడు. ఎర్ర తాళాన్ని చేత్తో పట్టుకోలేదు గాని దగ్గరగా వంగి చూశాడు. వెనక్కొచ్చి, దేవుడి పటం వెనక తాయారు పెట్టుకున్న ఐ బ్యాంకు కార్డు తీశాడు. నన్ను అడగలేదు. తన ఫోన్లోంచి ఆ నెంబరుకి చేసి వివరాలు చెప్పాడు. పెట్టేశాక దీవెనమ్మ ఫోను అడిగి తీసుకుని, మళ్ళీ అదే నెంబరుకి చేశాడు. "ఆశాజ్యోతేనా? సరే, రాండి" అని పెట్టేసి, "రెండుసార్లూ ఒకే గొంతు" అని తనలో తను గొణుక్కున్నాడు. తర్వాత ఆనందపురంలో ఉన్న కూతురు నాగశ్రీకి చేశాడు. అప్పటికే బయల్దేరి దారిలో ఉంది ఆ పిల్ల. "మీ యమ్మ కళ్ళిచ్చేత్తానని రాసినాది. నువ్వేటంటావమ్మా?" అన్నాడు. అవతల ఏడుపు మాకూ వినిపించింది. "అమ్మ ఇత్తానంటే ఇచ్చేయ్ నాన్నా" అంది.

ఫోను జేబులో పెట్టి తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. నేరుగా వరండాలో మెయిను పెట్టె దగ్గరికి పోయి హేండిలు కిందకి దించేశాడు. ఫ్యాన్లు రెండూ ఆగిపోయాయి.

"ఓరి నీ పిచ్చి కాలా! ఉక్కకి సత్తన్నారు కదరా జనం!" అని రామలక్ష్మమ్మ లేచింది.

"సచ్చింది నా పెళ్ళామొక్కర్తే అత్తా. మిగతావోళ్ళంతా వాకిట్లోకెల్లండి, గాలాడతాది."

ఎవరో పిల్లాణ్ణి పంపి హేండిలు మళ్ళీ పైకెత్తించబోయారు. కొండలరావు లోపలికెళ్ళి తన తాళం తెచ్చాడు. హేండిలు కన్నంలో తాళం దూర్చి నొక్కేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. తర్వాత దూది తడిపి, తన చేత్తోనే తాయారు రెప్పల మీద పెట్టాడు. తల ఎత్తి కింద దిండు సర్దాడు.

రామలక్ష్మమ్మకి అప్పుడు అర్థమైంది. గుండెలు బాదుకుంది. "కళ్ళు తీయించేత్తావేటిరా? వచ్చే జన్మలో గుడ్డిదై పుడతాదిరా అది! రాసిచ్చినాది పోనాది, ఇంక నిన్ను అడిగేదెవరు? ఒగ్గేయ్."

"వచ్చే జన్మ నువ్వు సూసొచ్చినావేటి?" అన్నాడు కొండలరావు. కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అది తాయారు ఏసిన తాళం. తియ్యాలంటే తాయారే తియ్యాల. నాను తియ్యను, ఎవర్నీ తియ్యనివ్వను."

అప్పుడే మూలనుంచి ఒక గొంతు, కృపాకర్ కూతురికి పనికొస్తాయిలే అంది.  నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. కొండలరావు తిరిగి నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చేప మొప్ప ఎత్తినప్పటి చూపు. ఇంక ఆగిపోతాడు, అయిపోయింది అనుకున్నాను.

"మొహం అలగెట్టకు బావా" అన్నాడు అందరి ముందూ. "నిన్ను నమ్మి సెయ్యటం లేదులే."

ఆశాజ్యోతి ఇంకో టెక్నీషియన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళ గుర్తింపు కార్డులు తీసుకుని ఫొటోనీ మొహాన్నీ పోల్చి చూశాడు. ఐసు పెట్టె మూత తీయించి చూశాడు. చనిపోయినట్టు డాక్టరు రాసిచ్చిన కాగితం వాళ్ళు అడిగితే, నేను అడగాల్సింది మీరడుగుతారేటి అన్నాడు. కళ్ళు మాత్రమే తీసుకుంటామని వాళ్ళు చెబితే దానికీ అనుమానమే. "అన్నీ ఇత్తానని రాసినాది కదా? కిడ్నీలూ అయ్యీ ఎందుకొద్దు?" ఆశాజ్యోతి ఓపిగ్గా చెప్పింది. ఇంట్లో గుండె ఆగిపోయినవాళ్ళ నుంచి అవి పనికిరావండీ, ఆసుపత్రిలో మెదడు చనిపోయి, మిషన్ మీద గుండె కొట్టుకుంటున్నవాళ్ళ నుంచే తీసుకోగలం, కళ్ళయితే ఎక్కడ పోయినా ఏ వయసులో పోయినా ఇవ్వొచ్చు అని. అతను ఆమె కళ్ళలోకే చూస్తూ విన్నాడు. "అయితే సగమే తీరింది దాని కోరిక" అన్నాడు.

బయట ఉండమంటే ఉండనన్నాడు. గుమ్మంలో నిలబడి వాళ్ళ చేతుల్నే చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ళు రెప్పలు మూసి, మొహం తుడిచి లేచాక, టార్చి తెచ్చి తాయారు మొహం మీదకి వంగాడు. ఈ పక్కనుంచి చూశాడు, ఆ పక్కనుంచి చూశాడు. నిద్రపోతున్నట్టే ఉంది.

"ఏటీ తేడా లేదు బావా" అన్నాడు. చాలా నెలల తర్వాత నాతో మామూలుగా అన్న మొదటి మాట అది. అని, టార్చి కింద పడేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. పట్టుకోనివ్వడేమో అనుకున్నాను గాని నా భుజం మీదే తల పెట్టాడు.

దినాలన్నీ అయిపోయాక ఒక పొద్దున మా ఇంటికొచ్చాడు. గొడవ జరిగాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు. తలుపు మిరియం తీసింది. వెలుగుకి తట్టుకోలేక నల్లద్దాలు పెట్టుకుని ఉంది. మనిషి నీడ చూసి, "ఎవరండీ?" అంది.

కొండలరావు వంగి ఆమె మొహంలోకి చూశాడు. "నానే గుంటా, మావయ్యని" అన్నాడు. "నీకు... నీకింకా ఎయ్యలేదేటి?"

"లేదు మావయ్యా. నా వంతు ఇంకా రాలేదు. అత్త కళ్ళు ఇద్దరికి ఏసేసినారని ఆశాజ్యోతిగారు ఫోన్ సేసి సెప్పినారు. ఎవరికో సెప్పరంట. ఆళ్ళిద్దరికీ సూపొచ్చిందంట."

అతను కుర్చీలో కూర్చుని నా వైపు చూశాడు. "నిజంగానే ఎయ్యలేదా? దాని అద్దాలు తియ్యమను, నాను సూత్తాను."

మిరియం అద్దాలు తీసింది. దగ్గరికి జరిగి ఆ తెల్లమచ్చని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూశాడు. ఇన్నాళ్ళూ నన్ను దొంగ కింద జమకట్టాడు కదా, ఇప్పుడు చూసుకో అని నాకు లోపల కొంచెం పొగరుగానే అనిపించింది. క్షమాపణ అడుగుతాడనుకున్నాను.

అడగలేదు. కోపంతో లేచాడు. "ఇదేటి అన్యాయం బావా! లోకంలో ఇన్ని మోసాలు సేత్తారు, ఈ ఒక్కటీ సెయ్యలేకపోనారేటి? నువ్వెలాగో మాయ సేసి దీనికి ఏయించేత్తావనుకున్నాను. ఎదురింటి పిల్లకే కదా పోతాయి, తాయారు కళ్ళు మన సందులోనే తిరుగుతాయి కదా అనుకునే మెయిను దించినాను నాను!"

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. వంటింట్లో దీవెనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఈ మనిషి నన్ను అనుమానించాడని ఇన్నాళ్ళు కుమిలిపోయాను. ఆ అనుమానం నిజం కావాలనే అంత ఆశ పెట్టుకున్నాడని నాకేం తెలుసు?

"వంతు ప్రకారమే ఇత్తారు బావా" అన్నాను. "మనం సెప్పినోళ్ళకి ఇవ్వరు."

"దొంగతనం లేదంటావు."

"లేదు."

 దీవెనమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది. "అయితే ఇచ్చేవోళ్ళు ఎక్కువైతేనే దీని వంతు బేగొచ్చేది. అంతే కదా? రేపు పద. నానూ రాత్తాను. ఆశాజ్యోతిని నాను అడగాల్సినవి సాలా ఉన్నాయి" అన్నాడు. వీధంతా రాయించాలి, రామలక్ష్మమ్మ చేత కూడా రాయించాలి అన్నాడు. ఆవిడ చేత రాయించడం దేవుడి వల్ల కూడా కాదన్నాను.

లేచి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. కిటికీ ఊచకి తాయారు తాళం అలాగే ఉంది. దాని పక్కన ఇంకో తాళం, ఆ రోజు తను మెయినుకి వేసినది, ఇప్పుడు తెచ్చి తగిలించాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

నేను బిత్తరపోయాను. ప్లాంటులో అన్నేళ్ళూ, ప్రాణం పోయినా సరే తన తాళంచెవి ఇంకొకడి చేతికి ఇవ్వని మనిషి.

"ఇదెందుకు బావా?"

"నాను ముందు పోతే ఫ్యాను నువ్వే ఆపాల. నాగశ్రీకి సెప్పినాను. ఎవరేటన్నా నోరు మూసుకుని గోడకి ఆనుకోకు, ఆ రోజు లాగ. మా అత్తని దగ్గరికి రానీకు."

అయితే ఆ రోజు నన్ను చూశాడన్నమాట. సరేనని జేబులో వేసుకోబోయాను.

"జేబులో కాదు" అన్నాడు.

మా వెనకే వచ్చిన మిరియం మా ఇంట్లోకెళ్ళి బట్టలు కుట్టే గట్టి దారం తెచ్చింది. తాళంచెవి కన్నం వేళ్ళతో తడుముకుంది. దారం ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పింది. నేను సాయం చెయ్యబోతే కొండలరావు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడోసారికి ఎక్కింది. దాన్ని నా మెడలో వేసి ముడి పెట్టింది.

"నీ వంతొత్తాది గుంటా" అన్నాడు కొండలరావు.  దగ్గరికొచ్చి, ముడి గట్టిగా పడిందో లేదో అని దారం లాగి చూశాడు. తర్వాత ఇంకోసారి లాగి చూశాడు.